ఆలివ్ పల్లెకు అతిథి వస్తే రైతుకేం మిగులుతుంది?

దక్షిణ స్పెయిన్‌లో, ఆండలూసియా ప్రాంతంలో, హయేన్ అని ఒక ప్రావిన్స్ ఉంది. మన లెక్కలో ఓ పెద్ద జిల్లా. గ్వాదల్కివీర్ నది ఎగువ లోయ నుంచి సియెర్రా మాహినా, కసోర్లా, సెగూరా కొండల దాకా ఎటు చూసినా ఆలివ్ తోటలే. చెట్లు ఆరు కోట్లు దాటుతాయి. మనుషులు 6.2 లక్షలు. అంటే తలకు దాదాపు వంద చెట్లు. పంట బాగా పండిన ఏడాది ప్రపంచంలో తయారయ్యే ఆలివ్ నూనెలో అయిదో వంతు దాకా ఈ ఒక్క ప్రావిన్స్ గానుగల్లోంచే వస్తుంది. ఇంత పంట పండే నేల మీద జనం నిలవాలి. కానీ నిలవడం లేదు. 2011 ప్రాంతంలో 6.7 లక్షలున్న జనాభా పదిహేనేళ్లు తిరక్కుండానే యాభై వేలు తగ్గింది. చదువుకున్న పిల్లలు మాడ్రిడ్‌కో మలాగాకో వెళ్లిపోతున్నారు. ఈ వలసకు మందుగా ఇరవై ఏళ్లుగా వినిపిస్తున్న మాట నూనె పర్యాటకం. బయటివాళ్లను పిలిచి తోట చూపించడం, గానుగ చూపించడం, నూనె రుచి చూపించడం, రాత్రికి పల్లెలోనే బస ఇవ్వడం. ఇటలీ, గ్రీస్, పోర్చుగల్ కూడా ఇదే బాట పట్టాయి. ఇన్నేళ్ల అనుభవం చేతిలో ఉంది కాబట్టి దీన్ని బేరీజు వేసే సమయం వచ్చింది. పర్యాటకుడి జేబులోంచి వచ్చే డబ్బు ఆలివ్ రైతును నిలబెట్టలేదు. అతని రాక వల్ల గానుగలో వచ్చే మార్పు మాత్రం నిలబెట్టగలదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే ప్రభుత్వాలు భవనాల మీద ఎక్కువగా, రైతు మీద తక్కువగా ఖర్చు పెడుతున్నాయి.

ముందు జేబు సంగతి తేల్చుకుందాం. హయేన్‌కు ఏటా లక్ష మంది నూనె కోసమే వస్తారనుకుందాం. వచ్చిన ప్రతి ఒక్కరూ అయిదు లీటర్ల డబ్బా ఒకటి కొని పట్టుకెళ్లారనే అనుకుందాం. మొత్తం అయిదు లక్షల లీటర్లు. తూకంలో 460 టన్నులకు కాస్త అటూ ఇటూ. మంచి ఏడాది హయేన్ తీసే నూనె 5 లక్షల టన్నుల చుట్టూ ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంటే ఇంత ఉదారంగా వేసుకున్న లెక్కలో కూడా అతిథుల చేతుల మీదుగా పోయే నూనె వెయ్యో వంతుకు మించదు. గదుల అద్దె, భోజనాలు కలుపుకుంటే హోటల్ యజమానులకూ, నలుగురైదుగురు గైడ్లకూ ఉపాధి దొరుకుతుంది. అది మంచిదే. అయితే కొండవాలున కొద్ది హెక్టార్ల తోట ఉన్న రైతు ఆదాయంలో దాని వాటా కనిపించదు. నూనె పర్యాటకాన్ని వెక్కిరించేవాళ్లు ఈ లెక్క దగ్గరే ఆగి, ఇదంతా బ్రోషర్ల కోసం చేసే పని అంటారు. లెక్క నిజమే. ఆ లెక్కతో విషయం ముగిసిపోదు. రైతుకు దెబ్బ ఎక్కడ తగులుతోందో చూస్తే అతిథికి వేరే పాత్ర ఉందని అర్థమవుతుంది.

ఆ దెబ్బ ధర దగ్గర తగులుతోంది. హయేన్ నూనెలో చాలా భాగం ఇప్పటికీ లూజుగా, ట్యాంకర్లలో పోతుంది. పెద్ద పెద్ద బాట్లింగ్ కంపెనీలు, ఇటలీ వ్యాపారులు కొని, రకరకాల నూనెలు కలిపి, తమ పేరు వేసి అమ్ముకుంటారు. ఊరి పేరు సీసా మీదకు ఎక్కదు. పేరు లేని సరుకుకు బజారు చెప్పిందే ధర. 2020 మొదట్లో గానుగ దగ్గర కిలో నూనె రెండు యూరోల చుట్టూ పడిపోయింది. సంప్రదాయ తోటల్లో చాలావాటికి పెట్టుబడే అంతకన్నా ఎక్కువ. ఆ జనవరి 30న హయేన్ రైతులు వేల సంఖ్యలో ట్రాక్టర్లతో వచ్చి జాతీయ రహదారులు దిగ్బంధించారు. అంతకు ముందు 2019 అక్టోబరులో అమెరికా, ఐరోపాతో విమానాల కంపెనీల తగాదాలో ప్రతీకారంగా, స్పెయిన్ సీసా నూనె మీద 25 శాతం సుంకం వేసింది. లూజు నూనెకు ఆ సుంకం లేదు. కష్టపడి సొంత సీసా, సొంత పేరు తెచ్చుకున్నవాళ్లకే ఆ దెబ్బ తగిలింది. తర్వాత కరవు వచ్చింది. 2021-22లో 15 లక్షల టన్నుల దరిదాపుల్లో ఉన్న స్పెయిన్ ఉత్పత్తి మరుసటి పంటకు 6.6 లక్షల టన్నులకు పడిపోయింది. 2024 జనవరి నాటికి కిలో ధర తొమ్మిది యూరోల దాకా ఎగబాకింది. అమ్ముకోవడానికి నూనె లేనప్పుడు ఆ ధర రైతుకు ఒరగబెట్టిందేమీ లేదు. వానలు పడి పంట కోలుకోగానే 2025లో ధర నాలుగు యూరోల కిందికి జారింది. పంట ఉంటే ధర ఉండదు, ధర ఉంటే పంట ఉండదు. ఈ బాధ పత్తి రైతుకూ మిర్చి రైతుకూ కొత్తగా చెప్పాల్సింది కాదు. దీనిలోంచి బయటపడే దారి ఒకటే: ఫలానా ఊరి నూనె, ఫలానా గుణం ఉన్న నూనె అని అడిగి కొనేవాళ్లు కావాలి.

ఆ గుణం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే గానుగ లోపలికి వెళ్లాలి. ఆలివ్ నూనె పిండితే వచ్చే పండ్ల రసం లాంటిది. కాయ దెబ్బ తింటే నూనె దెబ్బ తింటుంది. హయేన్‌లో ఎక్కువగా పండే పికువల్ రకాన్ని అక్టోబరులో, కాయ ఇంకా ఆకుపచ్చగా ఉండగానే కోస్తే నూనె తక్కువ దిగుతుంది. కానీ ఆ నూనెలో పచ్చి టమాటా, అంజూరపు ఆకు వాసన ఉంటుంది, నాలుకకు చేదు, గొంతుకు ఘాటు తగులుతాయి, నెలల తరబడి పాడవకుండా నిలుస్తుంది. డిసెంబరు, జనవరి దాకా ఆగితే కాయ నల్లబడి నూనె శాతం బాగా పెరుగుతుంది, వాసన చప్పబడుతుంది. చెట్టు మీంచి దులిపిన కాయనూ నేలరాలిన కాయనూ కలిపి ఆడిస్తే ఇంకా నాసిరకం. అన్నిటికన్నా మేలు రకమైన ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత్వం 0.8 శాతం మించకూడదు, శిక్షణ పొందిన రుచి నిపుణుల బృందానికి ఒక్క లోపమూ కనిపించకూడదు. ఈ సంగతులన్నీ రైతుకు తెలుసు. తెలిసీ ఆలస్యంగా ఎందుకు కోస్తాడంటే, చాలా సహకార గానుగల్లో చాలాకాలం కాయలో నూనె శాతాన్ని బట్టే డబ్బు కట్టారు. ముందుగా కోసి మంచి నూనె ఇచ్చినవాడికీ, ఆలస్యంగా కోసి ఎక్కువ నూనె ఇచ్చినవాడికీ ఒకే సగటు ధర. ఆ పద్ధతిలో నాణ్యత కోసం పాటుపడినవాడు నష్టపోతాడు. నాణ్యతకు శత్రువు రైతు అజ్ఞానం కాదు, గానుగ చెల్లింపు లెక్క. ఈ లెక్క మారాలంటే మంచి నూనెను విడిగా కొనే మనిషి గానుగ గుమ్మం దగ్గర కనబడాలి.

అతిథి పని అక్కడ మొదలవుతుంది. బైలెన్‌లోని పికువాలియా లాంటి సహకార సంఘాలు సందర్శకులను లోపలికి తీసుకెళ్తాయి. కాయ వచ్చి పడే తొట్టి, ఆకులు ఊదేసే యంత్రం, ముద్ద చేసే మర, 27 డిగ్రీలు దాటకుండా ఆ ముద్దను కలిపే తొట్లు, నూనెను విడదీసే సెంట్రిఫ్యూజ్, అన్నీ వరసగా చూపిస్తారు. చివర రుచి పరీక్ష. నూనె పోసేది ముదురు నీలం గాజు పాత్రలో. పచ్చగా ఉన్న నూనె మంచిదనే భ్రమ తీర్పును తప్పుదోవ పట్టించకూడదని అలా చేస్తారు. పాత్ర మీద మూత ఉంచి, అరచేతి వేడి తగిలేలా పట్టుకుని, మూత తీసి వాసన చూసి, చిన్న గుక్క నోట్లోకి తీసుకుని, పళ్ల సందుల్లోంచి గాలి పీల్చాలి. మంచి నూనెకు కాసేపటికి గొంతులో మంట లేస్తుంది, దగ్గు కూడా రావచ్చు. మొదటిసారి రుచి చూసేవాళ్లు నూనె పాడయిందనుకుంటారు. ఆ ఘాటు పాలీఫినాల్స్ వల్ల వస్తుందని, అదే తాజాదనానికి గుర్తని అక్కడ చెబుతారు. పక్కనే ముక్కిపోయిన నూనె పాత్ర పెట్టి రెండింటినీ పోల్చమంటారు. ఇంట్లో ఇన్నాళ్లూ తాను వాడింది ఆ రెండో పాత్రలోదేనని తెలుసుకున్న మనిషి మళ్లీ పాత సీసా వైపు చూడడు. అతను అక్కడ కొన్న డబ్బా కన్నా, ఊరికి వెళ్లాక పోస్టులో తెప్పించుకునే డబ్బాలు, ఇంటివాళ్లకూ స్నేహితులకూ నేర్పిన రుచి ఎక్కువ విలువైనవి. ఇంకో లాభం కూడా ఉంది. బయటివాళ్ల ముందు నిలబడాలంటే గానుగ అక్టోబరు నుంచే శుభ్రంగా ఉండాలి, కాయను విడివిడిగా ఆడించాలి, మంచి నూనెను వేరే తొట్లలో దాచాలి, సీసాలకు ఎత్తాలి. పర్యాటకం కోసం చేసిన ఈ ఏర్పాట్లే నాణ్యతను బట్టి డబ్బు కట్టే పద్ధతికి పునాది అవుతాయి.

ఈ కొలబద్దతో చూస్తే ఇప్పటిదాకా కట్టుకున్నదాంట్లో ఏది పనికొచ్చిందో, ఏది అలంకారంగా మిగిలిందో తెలుస్తుంది. బాయేసా దగ్గర ప్వెంతె దెల్ ఒబీస్పోలో పాత ఎస్టేటు భవనంలో ఆలివ్ సంస్కృతి మ్యూజియం ఉంది. కాలకాలాల గానుగలు అక్కడ వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు నూనె మోసిన రైలుమార్గం పట్టాలు తీసేసి, హయేన్ నుంచి కోర్దోబా ప్రావిన్స్‌లోని ప్వెంతె హెనీల్ దాకా 128 కిలోమీటర్ల సైకిల్ బాటగా మార్చారు. ఊబెదా, బాయేసా పట్టణాలకు 2003లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ప్రావిన్స్ పాలకమండలి ఓలియోతూర్ హయేన్ పేరుతో గానుగలనూ బసలనూ ఒక గొడుగు కిందికి తెచ్చింది, ఏటా ఎనిమిది మేలైన నూనెలను ఎంపిక చేసి ప్రచారం కల్పిస్తోంది. మార్తోస్ ఊళ్లో ఏటా డిసెంబరు 8న ఆలివ్ పండగ చేస్తారు. 2020లో హయేన్ నూనెకు ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది. వీటిలో మ్యూజియం, సైకిల్ బాట ఊరికి అందం, గౌరవం. రైతు చేతికి డబ్బు చేర్చే గొలుసులో అవి నేరుగా లేవు. ఎనిమిది నూనెల ఎంపిక, భౌగోళిక గుర్తింపు, గానుగ సందర్శన ఆ గొలుసులో ఉన్నాయి. స్పెయిన్ ప్రభుత్వం 2013 చివర్లో తెచ్చిన ఒక నిబంధన కూడా ఈ కోవలోదే. హోటళ్లలో బల్ల మీద మళ్లీ మళ్లీ నింపుకునే నూనె గిన్నెలు పెట్టకూడదు, మూత బిగించి, లేబుల్ వేసిన, తిరిగి నింపడానికి వీల్లేని సీసాలే పెట్టాలి. అంతకు కొద్ది నెలల ముందే ఐరోపా సమాఖ్య ఇదే నిబంధన తేబోయి విమర్శలకు జడిసి వెనక్కి తగ్గింది. పొద్దున్నే రొట్టె మీద నూనె పోసుకు తినే దేశంలో ఆ సీసా మీది పేరు చదవడం అలవాటైతే, దాని ఫలితం మ్యూజియం టికెట్ల కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

మిగతా దేశాల అనుభవం ఇదే వాదనకు బలమిస్తుంది. స్పెయిన్‌లోనే కాటలోనియా, వలెన్సియా, ఆరగాన్ కలిసే చోట సేనియా ప్రాంతంలో మూడున్నర మీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న పాత చెట్లు నాలుగు వేలకు పైనే ఉన్నాయి. ఒక దశలో ధనికుల తోటల్లో అలంకారం కోసం ఇలాంటి చెట్లను వేళ్లతో సహా పెకలించి అమ్మేవాళ్లు. వలెన్సియా 2006లో పాత చెట్ల రక్షణకు చట్టం తెచ్చింది. మూడు ప్రాంతాల గ్రామాలు కలిసి ఆ చెట్ల కాయను విడిగా ఆడించి, శతాబ్దాల వయసున్న చెట్ల నూనెగా లేబుల్ వేసి అమ్మడం మొదలుపెట్టాయి. 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ ప్రాంతాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ చెట్టును కాపాడింది చట్టం ఒక్కటే కాదు, చెట్టు నిలబడి ఉంటేనే నూనెకు ధర వస్తుందన్న లెక్క. దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఇటలీలోని పుల్యాది. తెల్లటి పల్లె భవనాలు, వందల ఏళ్ల చెట్లు, వాటి మధ్య విడిది, అన్నీ ఉన్న ప్రాంతం. 2013లో గల్లీపోలి పరిసరాల్లో జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. నురుగు పురుగు మోసుకెళ్లే ఈ తెగులు దక్షిణ పుల్యాలోని సలెంతో ప్రాంతమంతా పాకి, రెండు కోట్లకు పైగా చెట్లకు సోకిందని అంచనా. తోటలు ఎండి బూడిద రంగుకు తిరిగాక విడిది గృహాలకు సముద్రం మిగిలింది, రైతుకు మోడులు మిగిలాయి. తట్టుకునే రకాలు తిరిగి నాటే భారం నేలను నమ్ముకున్నవాళ్ల మీదే పడింది. తోట నేపథ్యంగా మాత్రమే ఉన్న పర్యాటకం తోట పోయినా బతకగలదు. అలాంటి పర్యాటకం తోటను బతికిస్తుందని ఆశించలేం. ఇటలీ 2020 బడ్జెట్ చట్టంలో ద్రాక్షసారా పర్యాటకానికి ఉన్న నిబంధనలను నూనె పర్యాటకానికి వర్తింపజేసింది. రుచి చూపించడం, గానుగ దగ్గరే అమ్మడం రైతు పనిలో భాగమేనని చట్టం గుర్తించడం సరైన అడుగు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, లాభం పెద్దవాళ్లకే పోతుందనేది. కోటలు, పాత భూస్వాముల భవనాలు, సొంత బ్రాండు ఉన్న కుటుంబాలు అతిథులను ఆకట్టుకుంటాయి, సహకార సంఘంలో సభ్యుడైన చిన్న రైతు పేరు ఎవరికీ తెలియదు. ఇది నిజం. దీనికి జవాబు పర్యాటకాన్ని మానేయడం కాదు, ప్రజల సొమ్మును సహకార గానుగల వైపు తిప్పడం. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. కోత కాలంలో చలిలో చెట్ల కింద వలలు పరిచి, కర్రలతో కొమ్మలు దులిపి, యంత్రాలతో బోదెలు వణికించి, నిండిన వలలు లాక్కెళ్లే కూలీల కష్టాన్ని ఒక వేడుకగా చూపించడం తప్పంటారు. వీళ్లలో ఆఫ్రికా నుంచి వచ్చిన వలస కూలీలు చాలామంది. వాళ్ల కోసం హయేన్ పట్టణాల్లో కోతల సీజన్‌లో వసతి గృహాలు తెరుస్తారు, అవి చాలని ఏడాదులూ ఉంటాయి. కవి మిగెల్ ఎర్నాందెస్ స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో హయేన్ ఆలివ్ కూలీల మీద రాసిన కవిత తర్వాత ఆ ప్రావిన్స్ అధికారిక గీతమైంది. ఈ తోటలు ఎవరి చెమటతో లేచాయో ఆ కవిత నిలదీస్తుంది. తమ గీతంగా దాన్ని పాడుకునే ప్రాంతం అతిథికి కూలి రేటు, పని గంటలు, బస గురించి చెప్పకుండా నూనె రుచి గురించే చెబితే అది అరకొర నిజం. చెప్పగలిగితే మాత్రం, మంచి ధర ఎందుకు ఇవ్వాలో అతిథికి ఇంతకన్నా స్పష్టంగా తెలిసే చోటు లేదు.

మూడో అభ్యంతరం వ్యవసాయ శాస్త్రం వైపు నుంచి వస్తుంది. హెక్టారుకు వంద చెట్ల లోపు ఉండే పాత తోటలు ఖర్చు ఎక్కువ, దిగుబడి తక్కువ. హెక్టారుకు పదిహేను వందలకు పైగా మొక్కలు కంచెలా నాటి, పైనుంచి యంత్రం నడిపి కోసే కొత్త తోటలు చాలా చవగ్గా నూనె తీస్తున్నాయి. వాలు నేలల తోటలను పర్యాటకం పేరుతో నిలబెట్టడం ఆర్థికంగా వృథా కాదా అంటారు. చదును నేలలో, నీళ్లున్న చోట కొత్త తోటలు వస్తే తప్పులేదు. యంత్రం ఎక్కలేని కొండవాలున పోటీ కొత్త తోటకూ పాత తోటకూ మధ్య లేదు, పాత తోటకూ బీడుకూ మధ్య ఉంది. తోట వదిలేస్తే మనుషులు వెళ్లిపోతారు, ఊరు ఖాళీ అవుతుంది, మిగిలేది ఎండుకంప, వేసవి మంటలు. కొండవాలు రైతు ధర విషయంలో ఎప్పటికీ గెలవలేడు. రుచి, ఊరు, పేరు అతనికున్న ఆయుధాలు. అలాగని పాత తోటలన్నీ పుణ్యక్షేత్రాలు కావు. గడ్డి పోచ లేకుండా దున్ని వదిలిన వాలుల్లో ఒక్క గట్టి వానకు మట్టి కొట్టుకుపోతుంది. లోయల్లో సాగునీటి కోసం భూగర్భ జలాలను తోడేస్తున్నారు. ఒకే పంట మైళ్ల కొద్దీ పరుచుకోవడం పక్షులకూ కీటకాలకూ చేటు. పక్షి పరిరక్షణ సంస్థ సియో బర్డ్‌లైఫ్, హయేన్ విశ్వవిద్యాలయం తదితరులు కలిసి నడిపిన ఒలివారెస్ వీవోస్ ప్రాజెక్టు ఇక్కడ దారి చూపింది. చెట్ల మధ్య గడ్డి పెరగనివ్వడం, గట్ల మీద స్థానిక పొదలు నాటడం వంటి పనులతో జీవవైవిధ్యం తిరిగి వస్తుందని కొలిచి చూపించి, ఆ తోటల నూనెకు ప్రత్యేక ముద్ర ఇచ్చింది. అతిథి చూసి మెచ్చుకోవాల్సింది అలాంటి తోటను.

నాలుగో అభ్యంతరం రైతుల నుంచే వచ్చింది, అందుకే దానికి బరువెక్కువ. ఆండలూసియా ఆలివ్ భూదృశ్యాలను యునెస్కో జాబితాలో చేర్చాలని హయేన్ పాలకమండలి ముందుండి ప్రతిపాదన తయారుచేయించింది. రైతు సంఘాలు అడ్డం తిరిగాయి. రేపు రకం మార్చాలన్నా, బోరు వేయాలన్నా, షెడ్డు కట్టాలన్నా అనుమతులంటారేమోనని వాళ్ల భయం. ప్రతిపాదన ఆగిపోయింది. ఇది అభివృద్ధికి అడ్డుపడే మొండితనమని కొందరు తప్పుపట్టారు. అది సరి కాదు. దృశ్యాన్ని కాపాడమని అడుగుతూ, దాన్ని రోజూ తయారుచేసే మనిషికి ధర హామీ ఏమీ ఇవ్వనప్పుడు అతను ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. సేనియాలో గుర్తింపు నూనె అమ్మకం తర్వాత వచ్చింది. హయేన్‌లో గుర్తింపు ముందు, ధర తర్వాత అన్నారు. వరస తలకిందులైతే మంచి ఆలోచన కూడా బరువుగా మారుతుంది.

ఈ చర్చలో తెలుగు పాఠకుడికీ కొంత పాత్ర ఉంది. మన దేశానికి వచ్చే ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం స్పెయిన్‌దే. హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో వంటకని చవగ్గా దొరికే డబ్బాల్లో చాలావాటి మీద పొమేస్ అని రాసి ఉంటుంది. అది గానుగాడాక మిగిలిన పిప్పిలోంచి ద్రావకంతో తీసి, శుద్ధిచేసి, కాస్త వర్జిన్ నూనె కలిపినది. వంటకు పనికిరాదని కాదు. కాకపోతే అది ఎక్స్‌ట్రా వర్జిన్ కాదు, ఆ తేడా తెలియకుండానే కొంటున్నవాళ్లు ఎక్కువ. మన ఊళ్లలో కళ్ల ముందు కట్టె గానుగలో ఆడించిన నువ్వుల నూనెకు జనం రెట్టింపు ధర ఇస్తున్న కారణమే అక్కడ కొండ రైతుకూ కావాలి: చూసి నమ్మిన కొనుగోలుదారు. అరకు కాఫీ తోటలకు రైలెక్కి వెళ్లే వేలమంది విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే. వాళ్లు తాగిన కప్పు కాఫీ వల్ల గింజ ఏరిన ఆదివాసీ రైతుకు కిలోకు ఎంత పెరిగింది?

కాబట్టి నూనె పర్యాటకం విజయాన్ని కొలిచే పద్ధతి మారాలి. ఎంతమంది వచ్చారు, ఎన్ని రాత్రులు బస చేశారు అన్న లెక్కలు పర్యాటక శాఖ నివేదికకు సరిపోతాయి, రైతు ఇంటికి సరిపోవు. గానుగలో లూజుగా పోయే నూనె వాటా ఏటేటా తగ్గిందా, సొంత సీసాలో పోయేది పెరిగిందా? ముందుగా, శుభ్రంగా కోసి తెచ్చిన కాయకు సంఘం విడిగా ఎక్కువ కట్టిందా? వాలు తోటల్లో వదిలేసిన ఎకరాలు ఎన్ని, తిరిగి సాగులోకి వచ్చినవి ఎన్ని? కోతకు వచ్చిన కూలీకి రాసుకున్న ఒప్పందం ప్రకారం కూలి, తలదాచుకోవడానికి గది దొరికాయా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన చోట నూనె పర్యాటకానికి ప్రజల సొమ్ము పెట్టడం న్యాయం. చెప్పలేని చోట ఆ సొమ్మును నేరుగా గానుగల ఆధునికీకరణకూ, మట్టి కాపాడుకునే పనులకూ ఇవ్వడం మేలు. హయేన్‌కు చెట్లు తక్కువ కాలేదు, చూసేవాళ్లు కూడా తక్కువ కాలేదు. తక్కువైంది తన నూనెకు తాను ధర చెప్పగలిగే రైతు. అలాంటి రైతును తయారుచేసినంత మేరకే ఈ పర్యాటకం విలువైనది, దాన్ని ఆ ఒక్క పని కోసమే పెంచాలి.